సున్నా లేదా ఒకటి

"ఊరికే ఇంట్లోనే ఉంటావు గదా, ఈ ఆస్పత్రి బొమ్మ కూడా నువ్వే గీసియ్యి పావనీ," అన్నాడు మా ఆయన యశ్వంత్, రెండో కారం దోసె ప్లేటులో పడగానే.

నేను అప్పుడు పెనం మీద మూడో దోసెకు ఎర్రకారం పూస్తున్నాను. మా అత్త ఇందిరమ్మకు కారం పడదు, ఆమెది విడిగా పోయాలి. మా పాప హాసిని అంచులు కరకరలాడకపోతే ముట్టదు. చిన్నోడికి ముక్కలు చేసి నోట్లో పెడితే తప్ప లోపలికి పోదు. మామ ఆదినారాయణ రెడ్డి స్నానం చేసి వచ్చేసరికి ఆయన దోసె పెనం మీద ఉండాలి, ముందుగా వేసి మూతపెడితే మెత్తబడిందని పక్కకు నెట్టేస్తాడు. వీటన్నిటి మధ్యలో ఆ "ఊరికే" అన్న మాట వచ్చి పెనం మీద పడింది. నేను తలెత్తలేదు. "సరే, ఆ కాగితాలు టేబుల్ మీద పెట్టిపో," అన్నాను. నిజం చెప్పాలంటే నాకు సంతోషమే కలిగింది. ఆ సంగతి అతనికి తెలియనివ్వకూడదని మాత్రం అనుకున్నాను.

పెళ్లికి ముందు, పెళ్లయిన తర్వాత కూడా కొన్నాళ్లు, ప్రొద్దుటూరులోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పాను. సాఫ్ట్‌వేర్ రాయడానికి ముందు దాని నమూనా ఎలా గీయాలి అన్నది నా సబ్జెక్టు. చిన్నోడు పుట్టాక, "ఇద్దరు పిల్లోళ్లను మాయమ్మ ఒక్కతే ఎట్ల చూస్తాది?" అన్నాడు యశ్వంత్. మానేశాను. అతనికి మైదుకూరు రోడ్డులో ఒక మేడ మీద చిన్న ఆఫీసు. ముగ్గురు కుర్రాళ్లను పెట్టుకుని బట్టల అంగళ్లకు, బంగారు అంగళ్లకు బిల్లులు కొట్టే ప్రోగ్రాములు రాయిస్తాడు. రాయించడం అతనికి బాగా వచ్చు. ఏది రాయాలో తేల్చడం రాదు. అందుకని ఏ కొత్త పని వచ్చినా మొదటి బొమ్మ మా భోజనాల బల్ల మీదే పుడుతుంది.

ఆ బొమ్మలో పెట్టెలుంటాయి. ఒక్కో పెట్టె ఒక్కో క్లాస్, అంటే ఒక్కో రకం మనిషో వస్తువో. రోగి ఒక పెట్టె, డాక్టరు ఒక పెట్టె, మంచం, మందు, బిల్లు. పెట్టెకూ పెట్టెకూ మధ్య గీత గీస్తే దాన్ని అసోసియేషన్ అంటారు. పాఠం చెప్పేటప్పుడు నేను దాన్ని సంబంధం అనేదాన్ని. ఆ మాట వినగానే వెనక బెంచీల్లో నవ్వులు. "మేడం, సంబంధం కుదిరినట్లేనా?" అని ఎవడో ఒకడు అడిగేవాడు. "అప్పుడే యాడ కుదిరింది, రెండు కొసల్లో అంకెలు రాయాల గదా," అనేదాన్ని నేనూ నవ్వుతూ. ఒక డాక్టరుకు రోగులు ఎంతమందైనా ఉండొచ్చు, కాబట్టి ఆ కొసన నక్షత్రం గుర్తు. ఒక బిల్లుకు రోగి ఒక్కరే, ఆ కొసన ఒకటి. కొన్నిచోట్ల సున్నా లేదా ఒకటి అని రాస్తాం. ఉంటే ఒకటి, లేకపోయినా ఇబ్బంది లేదు. ఒకటి అని మాత్రమే రాస్తే అది తప్పనిసరి. అవతలి పెట్టె లేకుండా ఇవతలి పెట్టె పుట్టనే పుట్టదు. గీత ఎవరైనా గీస్తారు, అంకె దగ్గరే ఆలోచించాలని ప్రతి ఏడూ కొత్త పిల్లలకు చెప్పేదాన్ని. నా గొంతు నాకు నచ్చేది ఆ గదిలోనే.

ఆస్పత్రి వాళ్లకు ప్రొద్దుటూరులో ఒకటి, జమ్మలమడుగులో ఒకటి, పులివెందులలో ఒకటి, మూడు శాఖలున్నాయి. మూడింటినీ ఒకే ప్రోగ్రాముతో కలపాలి. హాసిని బడికి పోయి చిన్నోడు నిద్రపోయాక, మధ్యాహ్నం కూర పొయ్యి మీద ఉడుకుతుండగా, అత్త టీవీ ముందు కునుకు తీసే వేళల్లో గీశాను. రోగి పెట్టె పక్కన సంరక్షకుడు అని ఒక పెట్టె ఉండాలని వాళ్లు అడిగారు. రోగి వెంట వచ్చేవాళ్ల పేరు, ఫోను నంబరు అందులో ఉంటాయి. ఆ రెండింటి మధ్య గీత గీసి, అంకె దగ్గర ఆగాను.

చిన్నోడు పుట్టింది వాళ్ల జమ్మలమడుగు ఆస్పత్రిలోనే. మా పుట్టిల్లు ఆ ఊరు. కాన్పుకు పోయినప్పుడు నా పక్క మంచం మీద తుమ్మలపల్లె పక్కనుంచి వచ్చిన ఒకామె ఉండేది. ఒంటరిగా బస్సెక్కి, నొప్పులు పడుతూ వచ్చింది. వచ్చిన ప్రతి నర్సూ "తోడు ఎవురూ లేరా?" అని అడగడమే. చివరికి ఆమె గోడవైపు తిరిగి పడుకుంది, ఇక ఎవరికీ జవాబు చెప్పలేదు. ఆమె ముఖం నాకు గుర్తులేదు, ఆ వీపు గుర్తుంది. సంరక్షకుడి కొసన సున్నా లేదా ఒకటి అని రాశాను.

"ఈ సున్నా ఏంటికి?" అన్నాడు యశ్వంత్ బొమ్మ చూసి. "మన పక్క ఆడోళ్లు ఆస్పత్రికి ఒక్కరే పోతారా ఏంది?"

"పోయినోళ్లు ఏం గావాల?"

"ఎవురు పోతారు మ్మే, ఊరికే మాటకు చెప్తాండావు గానీ."

"పోయినోళ్లు ఏం గావాలని అడుగుతాండా."

అతను కాగితాలు మడిచి, "సరేలే," అన్నాడు. రెండు రోజుల తర్వాత ఆస్పత్రి వాళ్లతో మాట్లాడి వచ్చి, "నీ సున్నాకు ఒప్పుకున్నారులే," అని నవ్వుతూ చెప్పాడు. ఆ రోజంతా నేను ఏ పని చేస్తున్నా ఆ మాటే మనసులో తిరిగింది. బొమ్మ కింద గీసినవాళ్ల పేరు ఉండాల్సిన చోట ఆఫీసు పేరు ఉంది. "నీ పేరు పెడితే పెండ్లాంతో పని చేపిస్తాండాడు అనుకోరా?" అన్నాడు. అనుకుంటే తప్పేముంది, చేయిస్తున్నావు కదా అని అనలేదు. మూడు ఊళ్లలో ఎవరో తెలియని ఆడవాళ్ల కోసం ఒక సున్నా పెట్టగలిగాను, అది చాలనుకున్నాను. నాకు తృప్తి ఇంత చవకగా దొరికేది.

ఈ ఏడు చిన్నోడిని బడిలో వేశాం. ఏళ్ల తర్వాత మొదటిసారి పొద్దున పూట నా రెండు చేతులూ ఖాళీగా కనిపించాయి. అప్పుడే ఇష్రత్ ఫోను చేసింది. కాలేజీలో నా పక్క కుర్చీ ఆమెది, ఇప్పటికీ అక్కడే పనిచేస్తోంది. "నీ సబ్జెక్టు చెప్పే ఆయన మానేసి పోయినాడు. ప్రిన్సిపాల్ నీ పేరే అడుగుతాండాడు. జూన్‌లో చేరల్ల. ఏమంటావ్?" అంది. "వస్తా," అన్నాను. ఎవరినీ అడగకుండా నా నోటినుంచి ఆ మాట వచ్చినందుకు నాకే భయం వేసింది. యశ్వంత్‌కు చెప్తే, "ఇప్పుడు నాకు సాయం చేస్తాండావు గదా, అది పని గాదా?" అన్నాడు. కాదనలేదు, సరేననలేదు. నేను పాత పుస్తకాలు అటక మీదినుంచి దించి తుడుచుకున్నాను.

నెల తప్పింది ఆ తర్వాతే. నాకు ముందే అనుమానం ఉండేది. "నేను చూసుకుంటాలే, నీకు భయమేంటికి?" అనేవాడు అతను. గర్భం రాకుండా మింగే మాత్రలు నాకు పడవు, పెట్టించుకునే సాధనాలు పడవు, అతనికి మాత్రం ఏ ఇబ్బందీ ఉండకూడదు. స్నానాల గదిలో ఆ పరీక్ష పట్టీ మీద రెండు ఎర్ర గీతలు చూసి, కుళాయి తిప్పి, నీళ్లు పోతూ ఉండగా కూర్చున్నాను. ఏడవలేదు. నా వయసు, చిన్నోడప్పుడు పోయిన రక్తం, జూన్, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. పిల్లలంటే నాకు ప్రేమ లేదని ఎవరైనా అంటే నేను వాదించలేను. ప్రేమ ఉన్నందుకే ఇంకొకరిని ఈ అలసటలోకి పిలవకూడదనుకున్నాను. ఇది నేను ఒక్కదాన్నే, ఎవరూ చెప్పకుండా, నా గురించి తీసుకున్న మొదటి నిర్ణయం. బహుశా అందుకే దాన్ని దాచుకున్నాను.

ప్రొద్దుటూరు ఆస్పత్రిలో సగం మందికి మా మామ తెలుసు. జమ్మలమడుగులో మా అమ్మ తెలుసు. పులివెందుల శాఖలో మంచి డాక్టరమ్మ ఉందని, మనిషిని మనిషిలాగా చూస్తుందని ఇష్రత్ చెప్పింది. కడుపు తీయించుకోవాలంటే, చట్టం ప్రకారం మేజరైన ఆడమనిషికి తన సంతకం ఒక్కటే చాలు, మొగుడి సంతకం అక్కర్లేదు. పైగా అక్కడ ఇప్పుడు నడుస్తున్న ఆ ప్రోగ్రాము నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. సంరక్షకుడి గడి ఖాళీగా వదిలేయొచ్చు. అది వదిలేయగలిగేలా పెట్టింది నేనే. ఇంత నిశ్చింతగా నేను ఎప్పుడూ ఇల్లు దాటలేదు.

అమ్మ దగ్గరికి పోయి వస్తానని అత్తకు చెప్పి పులివెందుల బస్సెక్కాను. ఆడవాళ్లకు ఇప్పుడు టికెట్ డబ్బులు లేవు కదా, కండక్టర్ ఆధార్ కార్డు చూసి చీటీ చింపిచ్చాడు. కిటికీ పక్కన కూర్చుని, దారి పొడవునా డాక్టరమ్మతో ఏం చెప్పాలో సిద్ధం చేసుకున్నాను.

కౌంటర్ దగ్గర ఒక అమ్మాయి ఉంది. మెడలో వేలాడే కార్డు మీద మాబున్ని అని రాసి ఉంది. ఏ విభాగమో, ఎందుకో గొంతు తగ్గించి చెప్పాను. ఆమె ముఖం ఏమీ మారలేదు. అందుకు ఆమెకు మనసులో దండం పెట్టుకున్నాను. ఆధార్ నంబరు కొట్టింది.

"మీ పేరు ఆల్‌రెడీ ఉండాది మేడం. జమ్మలమడుగులో కాన్పు అయ్యింది గదా? పాత రికార్డులన్నీ దీంట్లోకి ఎక్కించినారు. యశ్వంత్ రెడ్డి సార్ సంరక్షకుడు. సార్ రాలేదా?"

"రాలేదు. ఆ పేరు తీసేయమ్మా. ఖాళీగా వదిలేయొచ్చు," అన్నాను, పాఠం చెప్పే గొంతుతో.

"ఖాళీగా పోదు మేడం."

"పోతుంది. అది తప్పనిసరి కాదు."

ఆమె తెర నావైపు తిప్పి చూపించింది. పేరు తీసేయగానే గడి చుట్టూ ఎర్ర గీత వచ్చింది. కింద "సంరక్షకుడు తప్పనిసరి" అని తెలుగులోనే ఉంది. ఆ పెట్టె, ఆ గీత నావే. కొసన ఉన్న అంకె మాత్రం నాది కాదు.

"అయితే వేరే పేరు వేయి. నా స్నేహితురాలి పేరు చెప్తా."

"మార్చల్లంటే పాతాయన ఫోనుకు నంబరు పోతాది మేడం. ఆయప్ప ఆ నంబరు చెప్తేనే మారేది. ఏముందిలే, ఉన్న పేరే ఉండనిస్తా. మీకు లేటయిపోతాది." నేను చెయ్యి ఎత్తేలోపే ఆమె మీట నొక్కేసింది. "పాయ మేడం. సార్‌కు మెసేజి పోయింది. ఆయన సరే అని నొక్కితే మీ టోకెన్ వస్తాది."

"మెసేజిలో ఏముంటుంది?"

"డాక్టర్ పేరు, ఎందుకొచ్చినారో అన్నీ ఉంటాయి మేడం. అది దానంతటదే పోతాది."

"చట్టం ప్రకారం నా సంతకం ఒక్కటే చాలమ్మా."

"నాకు తెల్దు మేడం," అంది ఆ అమ్మాయి, నిజంగా బాధపడుతూనే. "కంప్యూటర్ ఒప్పుకోవాల గదా."

ఫోను మోగడానికి ఎంతోసేపు పట్టలేదు.

"యాడుండావు?" యశ్వంత్ గొంతు మామూలుగానే ఉంది.

"పులివెందుల."

"మీయమ్మ కాడికి పోతాండానని చెప్పితివంట గదా." కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. "ఆడనే కూసో. కదలాకు. నాయన చీనీ తోట కాడ ఉండాడు. వస్తాడు."

మా మామ బత్తాయి తోట అక్కడికి దగ్గరే. అయినా ఆయన వచ్చేలోగా నేను లేచి పోయి ఉండొచ్చు. బస్టాండు దూరం లేదు. గవర్నమెంటు ఆస్పత్రి ఉంది, కడపకు పోయే బస్సు ఉంది. నేను కూర్చునే ఉన్నాను. కదలాకు అన్నాడు, కదల్లేదు. ఇన్నేళ్ల చదువు, పాఠాలు, ఆ బొమ్మలు ఏవీ నా కాళ్లకు ఎక్కలేదు. ఆ ఒక్క మాట మాత్రం వాటికి వెంటనే అర్థమైంది.

మామ వచ్చాడు. భుజం మీద తువ్వాలు, చెప్పులకు తోట మట్టి. గోడల నిండా గర్భిణుల బొమ్మలున్న ఆ వరండాలో ఆయన ఎటు చూడాలో తెలియక నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. కోప్పడితే బాగుండేది. "పదమ్మా, బండి బయట ఉండాది," అన్నాడు అంతే. కొడుకు చెప్పి ఉంటాడు. పెళ్లయి వచ్చినప్పటినుంచి నా ఒంటి గురించి, నాకు జ్వరం వస్తే దాని గురించి కూడా, నేరుగా ఒక్క మాట మాట్లాడని మనిషి. ఇప్పుడు నా కడుపులో సంగతి ఆయనకు తెలుసు, ముందు సీట్లో ఉన్న డ్రైవర్‌కూ తెలుసు. ముద్దనూరులో బండి ఆపించి మజ్జిగ తెప్పించాడు. "తాగు. ఎండ శానా ఉండాది," అన్నాడు. నేను తాగాను. ఆ మర్యాదను ఎదిరించడం నాకు ఎవరూ నేర్పలేదు. ముద్దనూరు దాటాక కరెంటు ఫ్యాక్టరీ గొట్టాలు కనిపించినంతసేపూ కనిపించి వెనక్కి పోయాయి.

ఇంట్లో అందరూ కూర్చుని ఉన్నారు. అమ్మ కూడా జమ్మలమడుగునుంచి వచ్చేసింది, ఎవరో ఫోను చేసి పిలిపించారు. "నా పేరు చెప్పి ఇట్లాంటి పనికి పోతావా పావనీ?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్త తిట్టలేదు. "నేను ఐదుమందిని కన్నా. ఎవురన్నా నన్ను అడిగినారా, గావాల్నా వద్దా అని? కడుపులో పడినాక అది నీ ఒక్కదానిది గాదు మ్మే, ఈ ఇంటిది," అంది. ఆ మాటలో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. ఆమెను ఎవరూ అడగలేదన్న సంగతి అప్పుడే, నాతో చెబుతూనే, ఆమెకూ తెలిసినట్లు ఒక్క క్షణం ఆగింది. తర్వాత లేచి పోయి నాకు అన్నం కలుపుకొచ్చింది.

యశ్వంత్ అందరూ పోయాక వచ్చాడు. "నేను నీకు పరాయోన్నా? నాకొక మాట చెప్పుంటే నేను వద్దంటానా?" అన్నాడు. "ఇప్పుడు చెప్తాండా. నాకు వద్దు," అన్నాను. "ఇంతమందికి తెలిసినాక ఎట్లవుతాది? నాయన ముఖం చూడలేకపోతాండా నేను," అన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. చూస్తుండగానే అన్యాయం జరిగింది అతనికే అన్నట్లయింది. ఓదార్చాల్సింది నేనయ్యాను. నాకు ఒక్క ప్రశ్నే మిగిలింది.

"ఆ సున్నా ఎవురు మార్చినారు?"

"ఏ సున్నా?"

"సంరక్షకుడి కొసన."

"ఓ, అదా. ఆస్పత్రోళ్లు మళ్లా అడిగినారులే," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఇప్పుడు అది గావాల్నా నీకు?"

నేను నమ్మాను. పెద్ద సంస్థలు అలాగే చేస్తాయి అనుకున్నాను.

ఆ తర్వాత నన్ను ఎవరూ కట్టేయలేదు. అది చెప్పుకోవాలి. తలుపుకు తాళం వేయలేదు, ఫోను లాక్కోలేదు. నేను ఎటు పోతున్నా అత్త "నేనూ వస్తా ఉండు" అని చెప్పులు వేసుకునేది. అంతే. ఇష్రత్ చూడటానికి వస్తే అత్త మా ఇద్దరి మధ్య కూర్చుని చిక్కుడుకాయలు వలిచింది, ఇష్రత్ లేచేదాకా లేవలేదు. పోయేటప్పుడు గేటు దగ్గర ఇష్రత్ నా చెయ్యి పట్టుకుని, "ఇంకా టైముంది పావనీ. కడపకు పోదాం. నేను లీవు పెడతా," అంది. మరుసటి రోజు అత్త గుడికి పోయింది. ఇల్లంతా నిశ్శబ్దం. చీర మార్చుకున్నాను, బ్యాగులో కార్డు పెట్టుకున్నాను, మంచం మీద కూర్చున్నాను. మళ్లీ ఆ వరండా కనిపించింది, ఆ తువ్వాలు, ఆ మజ్జిగ గ్లాసు. ఇంకోసారి ఎవరో వచ్చి మర్యాదగా నన్ను తీసుకుపోతారు. చీర విప్పి మడతపెట్టి పాత నైటీ వేసుకుని పప్పు కడిగాను. అది నన్ను నేను క్షమించుకోలేని రోజు అని కూడా అనలేను. క్షమించడానికి అందులో నేనున్నట్లే అనిపించదు.

జూన్ వచ్చింది. నా కుర్చీలో ఇంకెవరో చేరారు. అటక మీదినుంచి దించిన పుస్తకాల మీద అత్త మామిడి ఒరుగుల గిన్నెలు పెట్టింది, నేను తీయలేదు. పొద్దున లేస్తే ఎందుకు లేవాలో తెలిసేది కాదు. అయినా చేతులు దోసెలు పోసేవి, జడలు వేసేవి. లోపల మాత్రం ఎవరూ లేరు. హాసిని ఒకరోజు నా ముఖంలోకి చూసి, "అమ్మా, నీకు వినపడతాందా?" అంది. అంతకుముందు ఎన్నిసార్లు పిలిచిందో మరి. కడుపులో బిడ్డ మొదటిసారి కదిలినప్పుడు నేను బియ్యం ఏరుతున్నాను. మిగతా ఇద్దరప్పుడు చేసినట్లు చెయ్యి పెట్టి చూసుకోలేదు. బియ్యం ఏరడం ఆపలేదు. ఆ బిడ్డ తప్పేమీ లేదు, నాకు తెలుసు. తెలిసినా చెయ్యి పోలేదు.

ఆరో నెల నిండుతుండగా, ఒక ఆదివారం పొద్దున యశ్వంత్ బల్ల దగ్గర తింటున్నాడు. చేతికి ఎంగిలని ఫోను స్పీకర్‌లో పెట్టాడు. ఆస్పత్రి వ్యవహారాలు చూసే కౌముది గారు. ఆమె గురించి వినడమే, నేనెప్పుడూ చూడలేదు. నేను పక్కనే కొత్తిమీర వలుస్తున్నాను.

"యశ్వంత్ గారూ, ఆదివారం ఇబ్బంది పెడుతున్నా. నిన్న జమ్మలమడుగులో ఒకామెను కౌంటర్ దగ్గరే నిలబెట్టేశారండీ, ఎవరూ తోడు లేరని. వరండాలోనే కాన్పయింది. దేవుడి దయ, ఇద్దరూ బాగున్నారు. సంరక్షకుడు తప్పనిసరి అని మేం ఎప్పుడు చెప్పాం? మేం సంతకం పెట్టిన బొమ్మలో సున్నా లేదా ఒకటి అని ఉంది. బాగా ఆలోచించారని మా డాక్టర్లు మెచ్చుకున్నారు కూడా. ఇట్లా ఎంతమంది వెనక్కి పోయారో మాకు తెలియడం లేదు. నమోదే కాలేదు కదా, పేర్లు కూడా ఉండవు."

"చూస్తాను మేడం, మావాళ్లు పొరపాటున..." అన్నాడు అతను. ఫోను పెట్టేసి నావైపు చూడకుండా చేయి కడుక్కున్నాడు. "పావనీ, అది ఇప్పుడు తియ్యల్లంటే మా పిల్లోళ్ల వల్ల గాదు. బిల్లు, మందులు, డిశ్చార్జి, అన్నీ దానికే తగిలించినారు. నువ్వు ఒకసారి చూడు."

"వాళ్లు అడగలేదంట గదా."

అతను తువ్వాలుతో చేయి తుడుచుకున్నాడు.

"ఏంటికి మార్చినావు?"

అతను నిజంగానే ఆలోచించాడు. అబద్ధం వెతుక్కోలేదు. అదే నాకు ఇప్పటికీ భయం కలిగిస్తుంది. "నువ్వు గీసినట్ల యాడా ఉండదు పావనీ," అన్నాడు నెమ్మదిగా. "మన ఇంట్లో ఎట్లుంటాదో నేను అట్ల పెట్టినా. అంతే. అందరిండ్లల్లో అట్లనే గదా."

కొత్తిమీర కట్ట నా చేతిలో అలాగే ఉంది. అతను చెడ్డవాడని అనుకుని ఉంటే ఆ రోజు నాకు సులువుగా ఉండేది. అతను తనకు కనిపించింది రాశాడు. పన్నెండేళ్లుగా నా పక్కన పడుకుని, నా చేతి అన్నం తిని, అతనికి కనిపించింది అది. ఒక పెట్టె, దాన్ని పట్టుకుని ఉండే ఇంకొక పెట్టె. అది లేకపోతే ఇది పుట్టదు. నేను ఇన్నాళ్లూ అతనితో వాదించానని అనుకున్నాను. వాదన అయిపోయాక కూడా అతనికి నేను అలాగే కనిపించాను.

"ఈడ గీయను. ఆఫీసుకు వస్తా," అన్నాను.

"ఈ కడుపుతో మెట్లు ఎక్కుతావా?"

"ఎక్కుతా."

మరుసటి రోజు పిల్లలను బడికి పంపి మైదుకూరు రోడ్డులో ఆ మేడ ఎక్కాను. కుర్రాళ్లు లేచి నిలబడ్డారు. ఇన్నేళ్లలో నేను ఆ గదిలోకి పోవడం అదే మొదలు. ఆ ఒకటి ఎక్కడెక్కడికి పాకిందో చూస్తూ పోయాను. నిజంగానే అన్నీ దానికే వేలాడుతున్నాయి. రోగికి మందు ఇవ్వాలంటే సంరక్షకుడు, మంచం మారాలంటే సంరక్షకుడు, ఇంటికి పోవాలంటే సంరక్షకుడు. ఒక్కొక్కటీ విప్పి రోగికి కట్టాను. మెసేజి ఎవరికి పోవాలో రోగి చెబితేనే పోయేలా, చెప్పకపోతే రోగికే వచ్చేలా మార్చాను. నడుము నొప్పి పుడితే లేచి కిటికీ దాకా నడిచి మళ్లీ కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనం వేళకు అయిపోయింది. ఇంత చిన్న పని. పులివెందులలో ఆ పొద్దున ఇది ఇలా ఉండి ఉంటే అన్న ఆలోచన వచ్చింది. దాన్ని పూర్తి చేయలేదు. కడుపు బల్ల అంచుకు తగులుతోంది.

యశ్వంత్ కౌముది గారికి ఫోను చేసి బల్ల మీద పెట్టాడు. ఎలా చూడాలో నేనే చెప్పాను. ఆమె అవతల మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది.

"పోతోంది మేడం, ఏ పేరూ లేకుండానే పోతోంది," అంది ఆమె. గొంతులో సంతోషం దాచుకోలేదు. "ఒక్క రోజులో చేశారు. మీరు ఆఫీసులో కొత్తగా చేరారా?"

"మా ఇంట్లోవాళ్లే మేడం," అన్నాడు యశ్వంత్ నవ్వుతూ.

నేను ఫోను దగ్గరికి జరిగాను. కుర్రాళ్లు తెరల మీదినుంచి తలలు తిప్పారు. నా నోటినుంచి వచ్చింది ఎన్నో ఏళ్ల కిందట తరగతి గదిలో ఉన్న గొంతే. కాకపోతే దాంట్లో ఇప్పుడు సంతోషం లేదు.

"ఆ బొమ్మ మొదట గీసింది నేనే మేడం, ఆ సున్నా పెట్టింది కూడా. మీ కౌంటర్ నుంచి వెనక్కి పోయినవాళ్ల పేర్లు తెలియవన్నారు నిన్న," అన్నాను. యశ్వంత్ చెయ్యి ఫోనువైపు వచ్చింది. నేను ఫోనును నావైపు లాక్కున్నాను. "రాసుకోండి. పులివెందుల శాఖ. రెండో నెలలో వచ్చింది. డాక్టరమ్మ దగ్గరికి పోనీయలేదు. ఇప్పుడు ఆరో నెల. పేరు పావని."